ట్రావెల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్: చాలామందిని ఆపేది ఆఫీసు అడ్రస్ కాగితమే

పోయిన నెల ఇరవై నాలుగేళ్ల కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. ట్రావెల్స్ ఆఫీసు తెరిచాడు, బోర్డు రాయించాడు, అరకు ట్రిప్‌కి రెండు బ్యాచ్‌లు మాట్లాడుకున్నాడు. జీఎస్టీ నంబర్ ఇప్పిస్తానన్న మధ్యవర్తికి ఆరు వేలు ఇచ్చాడు. అప్లికేషన్ రిజెక్ట్ అయింది. కారణమేంటో అతనికి తెలీదు. ఫారంలో ఇచ్చిన మొబైల్ నంబర్, మెయిల్ రెండూ ఆ మధ్యవర్తివే. వివరాలు అడుగుతూ అధికారి పంపిన నోటీసు అక్కడికే వెళ్లింది, జవాబిచ్చే గడువూ అక్కడే దాటిపోయింది. ఇలాంటివి వరసగా చూస్తున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

తేలికైన పనులు ముందు చెప్పేస్తాను. ఆధార్, పాన్ ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవచ్చు. ఫీజు లేదు, రెన్యువల్ లేదు. డబ్బు అడిగిందంటే అది అసలు సైట్ కాదు. అడ్రస్ చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. కార్మిక శాఖలో షాపుల చట్టం కింద నమోదు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, బ్యాంకులో కరెంట్ అకౌంట్ పెద్దగా ఇబ్బంది పెట్టవు. కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు స్వచ్ఛందం, ఆ శాఖ వెబ్‌సైట్ నిధి పోర్టల్‌లో తర్వాత చూసుకోవచ్చు. ఐయాటా (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) గుర్తింపు కూడా మొదటి రోజే అక్కర్లేదు. కొత్తవాళ్లు ఎక్కువమంది ఒక కన్సాలిడేటర్ (చిన్న ఏజెంట్లకు టికెట్లు ఇచ్చే పెద్ద ఏజెన్సీ) దగ్గర ఐడీ తీసుకుని విమాన టికెట్లు చేస్తారు. పర్యాటక శాఖ గుర్తింపు, ఐయాటా లేకపోతే ఆఫీసు సీజ్ చేస్తారని ఎవరైనా భయపెడితే డబ్బు తీయకండి.

ఇక జీఎస్టీ. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే తప్పనిసరి. కాకపోతే కంపెనీల బుకింగ్‌లు కావాలంటే నంబర్ అడుగుతారు. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు.

ఎక్కువమంది ఆగిపోయేది వ్యాపార స్థలం రుజువు దగ్గర. సొంత ఇల్లయితే ఆస్తిపన్ను రసీదు, కరెంటు బిల్లు లాంటి వాటిలో ఒక్కటి చాలు. అద్దెకైతే అగ్రిమెంట్, దానితోపాటు ఓనరు పేరున్న అలాంటి కాగితం ఒకటి కావాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ అయినదైతే ఓనరు గుర్తింపు కార్డు అక్కర్లేదు. మనవాళ్లు రాసుకునే 11 నెలల స్టాంపు పేపర్ అగ్రిమెంట్‌కి మాత్రం అదీ జత చేయాలి. నాన్నగారి ఇంట్లోనే ఆఫీసు పెడితే, ఇంటిని వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఆయన తెల్లకాగితం మీద రాసి సంతకం చేసిన లేఖ, ఆయన గుర్తింపు కార్డు, ఇంటి కాగితం ఒకటి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు అధికారులకు ఇచ్చిన ఆదేశాల్లో ఇది స్పష్టంగా ఉంది. ఇంతకు మించి అడిగితే, భయపడకుండా మర్యాదగా ఆ ఆదేశాలను గుర్తుచేయండి.

ఆ కుర్రాడి కాగితాలు టేబుల్ మీద పరిచి చూశాం. కరెంటు బిల్లు మీద 7-42, అగ్రిమెంట్‌లో 7-42/1. పైగా బిల్లు ఇంకా ఓనరుగారి తండ్రి పేరు మీదే ఉంది, ఆయన చనిపోయారు. అదృష్టం కొద్దీ ఆస్తిపన్ను రసీదు ఓనరు పేరుకి మారి ఉంది, డోర్ నంబర్ కూడా సరిగ్గా ఉంది. బిల్లు పక్కన పెట్టి అదే జత చేశాం. మీరు కూడా అప్లికేషన్ మొదలుపెట్టే ముందు అన్ని కాగితాల్లోనూ పేరు స్పెల్లింగ్, డోర్ నంబర్ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పన్ను రసీదు కూడా తాతగారి పేరు మీదే ఉంటే, ముందు మున్సిపాలిటీలో పేరు మార్పించుకోండి. కొన్ని వారాలు పోతే పోనీ.

మొబైల్, మెయిల్ మీవే ఇవ్వండి. ఎవరి చేత నింపించినా ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. అప్లికేషన్ మొదలుపెట్టగానే వచ్చే తాత్కాలిక నంబర్ 15 రోజులే పనిచేస్తుంది, ఆలోపే ఫారం పూర్తిచేయాలి. ఆధార్ ధృవీకరణ తప్పకుండా చేయండి, లేదంటే అధికారి స్థలం చూడటానికి వస్తారు, ఆలస్యమవుతుంది. కొందరిని వేలిముద్రల కోసం జీఎస్టీ సువిధ కేంద్రానికి రమ్మంటారు, ఒరిజినల్స్ పట్టుకెళ్లండి. నోటీసు వచ్చిందంటే రిజెక్ట్ అయినట్టు కాదు, టెన్షన్ వద్దు. 7 పని దినాల్లో మీ లాగిన్ నుంచే జవాబివ్వాలి. ఆ వారమంతా రోజూ లాగిన్ తెరిచి చూడండి.

రెండు పనుల జోలికి మాత్రం వెళ్లకండి. సొంత ఐడీతో రైలు టికెట్లు తీసి అమ్మితే రైల్వే చట్టం సెక్షన్ 143 కింద 3 ఏళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. ఐఆర్‌సీటీసీ ఏజెంట్ ఐడీ తీసుకునే చేయండి. గల్ఫ్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు తీసుకోవడానికి ట్రావెల్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ పనికిరాదు. 1983 వలస చట్టం కింద రిక్రూటింగ్ ఏజెంటుగా విడిగా రిజిస్టర్ కావాలి. మన పల్లెల్లో ఎన్ని ఇళ్లు అలా అప్పులపాలయ్యాయో మీకు తెలుసు.

నంబర్ వచ్చాక సర్టిఫికెట్ ఆఫీసులో కనిపించేలా పెట్టాలి, బోర్డు మీద నంబర్ రాయించాలి. వ్యాపారం లేని నెల అయినా రిటర్న్ వేయాలి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు పడుతుంది. మొన్న ఆ కుర్రాడు పెయింటర్‌ని మళ్లీ పిలిపించి, బోర్డు కింద అక్షరాలు, అంకెలు కలిపి 15 ఉండే జీఎస్టీ నంబర్ రాయించాడు.