బ్రేక్‌త్రూ ముందే వస్తోందా? ముందు కాలమ్ వేడి చూడండి

సమస్య: యాంటీబాడీ అంటించిన కాలమ్ మీద పొద్దున తీసిన ఫ్రంటల్ రన్‌కీ (యాంటీజెన్ ద్రావణాన్ని ఆపకుండా కాలమ్ గుండా పంపే రన్) మధ్యాహ్నం తీసినదానికీ పొంతన ఉండదు. అదే యాంటీజెన్, అదే ఫ్లో, అయినా బ్రేక్‌త్రూ (కాలమ్ నిండి యాంటీజెన్ అవతలికి రావడం) ముందే వచ్చేస్తుంది. యాంటీబాడీ పాడైందని కొత్త కాలమ్ ప్యాక్ చేయడానికి దిగకండి.

సోడియం నైట్రేట్‌తో వాయిడ్ టైమ్ (ఎక్కడా అంటుకోకుండా కాలమ్ దాటడానికి పట్టే సమయం) ఆ రోజే తీశారా? యాంటీబాడీ లేని కంట్రోల్ కాలమ్ మీద యాంటీజెన్ నడిపారా? చాలామంది వదిలేసేది ఇక్కడే. ఆ రెండూ తీసివేయని అంకెతో ఏ లెక్కా చేయొద్దు.

తర్వాత, కేడీకి (యాంటీబాడీ పట్టే చోట్లు, అంటే సైట్లు, సగం నిండే గాఢతకి) అటూ ఇటూ అయిదు గాఢతలు తీసుకుని, పట్టుకున్న మోల్స్ విలోమాన్ని గాఢత విలోమం మీద గీయండి. అంతరఖండాన్ని వాలుతో భాగిస్తే బంధ స్థిరాంకం. మునుపటి గీతకంటే ఆ రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగితే సైట్లు నిజంగానే పోయాయి. అంతరఖండం కదలకుండా వాలు మాత్రమే పెరిగితే సైట్లు భద్రం, పట్టు సడలింది. అప్పుడు మొదట అనుమానించాల్సింది ఉష్ణోగ్రతనే. బంధ ఎంథాల్పీ (బంధం ఏర్పడినప్పటి వేడి మార్పు) మోల్‌కు −50 కిలోజౌళ్లయితే 25 నుంచి 35 డిగ్రీలకు వెళ్లేసరికి స్థిరాంకం దాదాపు సగమవుతుంది. గాఢతలన్నీ కేడీకి ఎన్నో రెట్లు పైనుంటే ఈ తేడా కనబడనే కనబడదు.

"ఓవెన్ 25లోనే పెట్టాం కదా" అంటారు. మామూలు ఓవెన్‌కు వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. రోహిణి కార్తెలో విజయవాడలో కరెంటు పోయి, ఏసీ ఆగి గది 33కి చేరితే కాలమూ అక్కడికే పోతుంది. చల్లబరిచే సర్క్యులేటర్‌తో వాటర్ జాకెట్ తొడగండి. అది లేకపోతే రన్‌లన్నీ 37లో తీయండి, ఓవెన్ గది కంటే పైన ఉంటేనే నిలకడ. కాలమ్‌కు ముందున్న ట్యూబింగ్‌ను కూడా ఓవెన్‌లోనే చుట్టి పెట్టండి, అరగంట ఆగండి, కాలమ్ ఒంటికి థర్మామీటర్ ఆనించి చూడండి. ట్రిస్ బఫర్ పీహెచ్ వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి సుమారు 0.03 తగ్గుతుంది కాబట్టి ఫాస్ఫేట్ వాడండి.

పట్టుకునే మొత్తం రన్ రన్‌కీ కొద్దికొద్దిగా తగ్గుతుంటే పాత యాంటీజెన్ మిగిలిపోతూ ఉండవచ్చు: పీహెచ్ 2.5 గ్లైసిన్‌తో దిగివచ్చినదాన్ని పట్టుకున్నదానితో పోల్చండి, అవుట్‌లెట్ పీహెచ్ 7.4కి వచ్చాకే మళ్లీ లోడ్ చేయండి. ఫ్లో మార్చినప్పుడు బ్రేక్‌త్రూ వాల్యూమ్ మారితే ఫ్లో తగ్గించండి. కొత్త కాలమ్ మొదటి నుంచే బలహీనమా? యాంటీబాడీ వయల్‌లో ట్రిస్ ఉందేమో, అది ఎన్‌హెచ్‌ఎస్ బీడ్స్ (యాంటీబాడీని అంటించే పూసలు) మీద చోటు ఆక్రమిస్తుంది, ముందు డయాలిసిస్ చేయండి. యాంటీబాడీ ఊడిపోవడం, ఫ్రిట్ (కాలమ్ చివరి జల్లెడ) మూసుకుపోవడం అరుదు, చివర్లో చూసుకోవచ్చు.