పెద్ద నంబర్ కనిపించగానే చెరిపేయకండి

భోగి తెల్లవారుజామున చెన్నైలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి) గ్రాఫ్ చూస్తే సెన్సర్ పాడైందనే అనిపిస్తుంది. కానీ అది నిజమైన పొగ. పాత సామాన్లు, టైర్లు కాలుస్తారు, గాలి కదలదు, పైగా మంచు. 2018 భోగి నాడు ఆ పొగమంచుకి విమానాలు కూడా ఆగిపోయాయి.

ఇక్కడ గాలి నాణ్యత డేటా చూడటమే నా పని. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి కొత్తగా చేరే మన పిల్లలు మొదట చేసేది, ఒక హద్దు పెట్టి దాన్ని దాటినవన్నీ తీసేయడం. దయచేసి అలా చేయకండి. తప్పుడు రీడింగ్ పెద్దగానే ఉండాలని లేదు. పక్కవాటితో పొసగుతోందా లేదా అన్నదే చూడాలి.

అన్నిటికంటే సులువైనది పీఎం 2.5ను పీఎం 10తో (10 మైక్రాన్ల దాకా ఉండే ధూళితో) పోల్చడం. మొదటిది రెండోదానిలో భాగం, కాబట్టి దాన్ని మించకూడదు. రెండింటికీ వేరువేరు మెషీన్లు ఉంటే అప్పుడప్పుడూ కాస్త మించవచ్చు, వదిలేయండి. గంటల తరబడి మించితే ఏదో ఒకటి పోయినట్టే. ఏది పోయిందో తేల్చాలంటే ఆలందూరు, వేళచ్చేరి లాంటి దగ్గరి స్టేషన్ల గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టండి.

నాకు బాగా నమ్మకమున్న పరీక్ష నాక్స్‌ది. నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ ఘనమీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని, వాటి మొత్తమైన నాక్స్ పీపీబీల్లో (వంద కోట్ల భాగాల్లో ఎన్నో) వస్తుంటాయి. మొదటిదాన్ని 1.23తో, రెండోదాన్ని 1.88తో భాగించి కలిపితే నాక్స్ దాదాపు రావాలి. 12.3, 37.6 ఉన్నాయనుకోండి: 10, 20 కలిపి 30. నాక్స్ కాలమ్‌లో 75 కనిపిస్తే ఆ వరస మొత్తాన్ని అనుమానించండి. విడివిడిగా చూస్తే ఆ మూడూ మామూలు నంబర్లే, ఏ హద్దుకీ దొరకవు.

41.27, 41.27, 41.27 అంటూ గంటల తరబడి ఒకే అంకె వస్తే సెన్సర్ ఇరుక్కుపోయింది. వర్షపాతం మాత్రం వారాల తరబడి సున్నా ఉన్నా తప్పు కాదు, వేసవి అంతే! రోజూ ఒకే టైముకి ఒకే ఎత్తు శిఖరం వస్తే అది చాలావరకు మెషీన్‌ను సరిచూడటానికి వదిలే కాలిబ్రేషన్ గ్యాస్. నెల నెలా రాత్రి కనిష్ఠాలు మెల్లగా పైకి జరుగుతుంటే జీరో డ్రిఫ్ట్, అంటే మెషీన్ సున్నాయే పక్కకి జరిగింది. అన్ని మెషీన్లూ ఒకే నిమిషంలో ఎగిరితే కరెంటో, క్యాబిన్ ఏసీనో పోయి ఉంటుంది. స్టేషన్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి అడగండి, మనం అరపూట బుర్ర బద్దలు కొట్టుకునే విషయం ఆయనకి ముందే తెలిసి ఉంటుంది.

కాంతితో ధూళిని కొలిచే చవక ఆప్టికల్ సెన్సర్లయితే తేమ కాలమ్ లేకుండా ఏదీ నమ్మకండి. తేమ బాగా పెరిగితే నీటిని పీల్చి ఉబ్బిన కణాల్ని, మంచు తుంపరల్ని కూడా ధూళిగా లెక్కేస్తాయి.

గడియారాన్ని చాలామంది చూడరు. చెన్నైలో ఎండ తీవ్రత మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో గరిష్ఠానికి చేరాలి. పొద్దున ఆరున్నరకే చేరిందంటే టైము యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంది, అయిదున్నర గంటలు కలపాలి. వేసవిలో సముద్రపు గాలి రాగానే దిశ తూర్పుకి తిరిగి, వేడి తగ్గి, తేమ పెరుగుతుంది. ఈ మూడూ ఒకేసారి జరగకపోతే ఏదో ఒక ఫైల్‌లో టైము ముందుకో వెనక్కో పోయిందేమో చూడండి.

ఇంత చూశాక కూడా రీడింగ్‌ను చెరపొద్దు, పక్కన ఫ్లాగ్ (అనుమానపు గుర్తు) పెట్టండి. మన ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) లెక్కకి రోజుకి కనీసం 16 గంటల డేటా కావాలి. తొందరపడి తీసేస్తూ పోతే, జనానికి అసలు అవసరమైన రోజుకే లెక్క లేకుండా పోతుంది. ఫ్లాగ్ కాలమ్‌లో ఉత్తినే ‘అనుమానం’ అని రాయకుండా కారణం, తేదీ, మీ పేరు రాయండి. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచండి.