ఫిజీ పాత నాణెం చేతికొస్తే దాన్ని చదవడం ఎలా?

ఫిజీ నుంచి వచ్చిన చుట్టాల చిల్లర డబ్బాలోనో, పాత నాణేలు అమ్మే అంగడిలోనో ఒక ఫిజీ నాణెం మీ కంట పడొచ్చు. చాలామంది ముందు అడిగేది "దీనికెంత వస్తుంది?" అనే. ధర సంగతి తర్వాత చూద్దాం. ఆ బిళ్ల మీద ఒక బ్రిటిష్ వలస కథ ఉంది, అందులో మనవాళ్ల చెమట కూడా ఉంది. దాన్ని చదవడానికి ఒక భూతద్దం, గ్రాముల్లో దశాంశాలు చూపించే చిన్న త్రాసు, మంచి వెలుతురు ఉంటే చాలు.

మొదటి పని: తోమకండి. ఇత్తడి బిందెకు పట్టించినట్టు చింతపండు పట్టిస్తే మెరుపు వస్తుంది కానీ పైపొర పోతుంది, దాంతో విలువా పోతుంది. మట్టి పట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి. రుద్దొద్దు. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి.

ఇక సంవత్సరం చూడండి. 1874 అక్టోబరు 10న లెవుకా పట్నంలో దకొంబౌ, మిగతా పెద్ద నాయకులు సంతకాలు చేసి ఫిజీని బ్రిటన్‌కు అప్పగించారు. అయినా ఫిజీ పేరుతో నాణేలు వచ్చింది 1934లోనే. అంతకుముందు తేదీతో వలసకాలపు ఫిజీ నాణెమని ఎవరైనా చూపిస్తే తొందరపడి కొనకండి.

మధ్యలో చిల్లు ఉందా? అయితే అది పెన్నీ లేదా అర పెన్నీ. మన చిల్లు కాణీ 1943లో వచ్చింది, ఫిజీ వాళ్లది దానికంటే తొమ్మిదేళ్లు పెద్దది. చిల్లు వల్ల రాజుగారి బొమ్మకు చోటు లేదు, పేరు మాత్రమే ఉంటుంది. ఆ పేరును జాగ్రత్తగా చదవండి. 1936 నాటి పెన్నీ మీద ఎడ్వర్డ్ పేరు కనిపిస్తే అది ఎనిమిదో ఎడ్వర్డ్‌ది. ఆయన ఏడాది కూడా నిండకుండానే, అదే డిసెంబరులో గద్దె దిగిపోయాడు. బ్రిటన్‌లోనే ఆయన పేరుతో నాణేలు వాడకంలోకి రాలేదు, ఫిజీలో వచ్చాయి.

పేరు పక్కన 'కింగ్ ఎంపరర్' అని ఉందేమో కూడా చూడండి. ఎంపరర్ అంటే హిందూదేశ చక్రవర్తి. మనకు 1947లో స్వాతంత్ర్యం వచ్చింది, 1948లో ఆరో జార్జి ఆ బిరుదు వదులుకున్నాడు. 1949 పెన్నీ మీద ఉత్త 'కింగ్' మిగిలాడు. మన స్వాతంత్ర్యం ఎక్కడో పసిఫిక్ మధ్యలో ఒక చిల్లు పెన్నీ మీద కనబడటం నాకు ఎప్పుడు చూసినా ఒళ్లు పులకరించే సంగతి.

1942, 1943 తేదీలుంటే భూతద్దం తీయండి. చిన్న 'ఎస్' అక్షరం ఉంటే అది యుద్ధకాలంలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రించినది. ఆ రెండేళ్ల ఆరు పెన్నీల నాణెం, షిల్లింగు (అంటే పన్నెండు పెన్నీలు), రెండు షిల్లింగుల ఫ్లోరిన్‌లలో 90 శాతం వెండి, 1934 నాటి వాటిలో 50 శాతమే. పెన్నీలనేమో ఇత్తడితో చేశారు. ఫ్లోరిన్ 11.3 గ్రాములు, షిల్లింగు 5.65 గ్రాములు తూగాలి. బాగా తేడా వస్తే అనుమానించండి.

ఇప్పుడు బొరుసు తిప్పండి. ఆరు పెన్నీల నాణెం మీద సముద్రపు తాబేలు, షిల్లింగు మీద తెరచాప పడవ, 1947లో వచ్చిన పన్నెండు పలకల మూడు పెన్నీల నాణెం మీద గడ్డి కప్పు ఇల్లు ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది ఫ్లోరిన్‌నే. దాని మీద ఫిజీ రాజచిహ్నమైన డాలు ఉంటుంది. పైన సింహం, కింద నాలుగు గడులు. పై వరసలో మీకు ఎడమ పక్కనున్న గడిలో నిలువుగా నిలబడ్డవి చెరకు గడలు.

ఆ చెరకు కోసమే 1879 నుంచి 1916 వరకు 60 వేల మందికి పైగా భారతీయులను కూలి ఒప్పందం మీద ఫిజీకి తీసుకెళ్లారు. ఆ ఒప్పందానికి ఇంగ్లీషులో ఉన్న అగ్రిమెంట్ అన్న మాట వాళ్ల నోట 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయల్దేరాయి. వాటిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వాళ్లున్నారు. అప్పగించిన పని పూర్తిచేస్తే మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. పూర్తికాకపోతే కోత. అంటే ఫ్లోరిన్ విలువ మగవాళ్లకు రెండు రోజుల పూర్తి కూలి. గిర్మిట్ 1920లో రద్దయింది కాబట్టి వాళ్లు అందుకున్నది బ్రిటిష్ షిల్లింగే, ఈ నాణెం కాదు. కానీ దీని మీదున్న పంట నరికినవాళ్లు వాళ్లే.

సెంట్లు, డాలర్లలో ఉంటే అది 1969 జనవరి తర్వాతిది. ఒక సెంటు మీద కావా అనే వేరు పానీయం కలిపే చెక్క గిన్నె, 20 సెంట్ల మీద తిమింగలం పన్ను ఉంటాయి. ఆ పన్నును తంబువా అంటారు, పెళ్లికైనా క్షమాపణకైనా ఫిజీలో అదే పెద్ద కానుక. 1970లో స్వాతంత్ర్యం, 1987లో గణతంత్రం వచ్చినా నాణేల మీద రాణి బొమ్మ 2012 సిరీస్ వచ్చేదాకా ఉంది.

చివరగా, నాణేన్ని కాగితపు కవర్లో పెట్టి, పైన తేదీ, లోహం, తూకం రాయండి. కుటుంబం నుంచి వచ్చిందైతే ఆ తాత పేరు, ఊరు, తెలిస్తే ఓడ పేరు కూడా రాయండి. గిర్మిట్ కూలీల వలస పాసుల్లో తండ్రి పేరు, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. మీ దగ్గరున్న వివరాలతో వాటిని పోల్చి చూసుకోవచ్చు.