మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్-రే) యంత్రానికి నాణ్యత పరీక్షలు – 3వ పాఠం: వారానికోసారి ఫాంటమ్ చిత్రం

పోయిన పాఠంలో మానిటర్ తుడవడం, చూసే గదిలో వెలుతురు తగ్గించడం నేర్చుకున్నాం. ఇవాళ కూడా ముందు ఆ రెండూ చేసేసి కూర్చోండి. ఈ పాఠమంతా కళ్లతో చేసే పని.

ఫాంటమ్ అంటే రొమ్ముకు బదులుగా యంత్రం మీద పెట్టే అక్రిలిక్ దిమ్మ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వారి పాత నమూనాతో నేర్చుకుందాం. అది నొక్కిన తర్వాత 4.2 సెంటీమీటర్ల మందం ఉండే రొమ్ముకు సమానం. లోపలి మైనపు పలకలో 6 నైలాన్ పోగులు, 5 చుక్కల గుంపులు, 5 గడ్డలు ఉంటాయి. అన్నిటికన్నా లావు పోగు 1.56 మిల్లీమీటర్లు, సన్నది 0.40. చుక్కల సైజు 0.54 నుంచి 0.16 మిల్లీమీటర్ల దాకా తగ్గుతూ పోతుంది. నాకు ఈ చుక్కల మీదే ఎక్కువ పట్టింపు. కొన్ని తొలిదశ క్యాన్సర్లు గడ్డగా చేతికి తగలకముందే ఇలాంటి కాల్షియం రేణువులుగా బయటపడతాయి. యంత్రం వాటిని చూపించలేకపోతే రేడియాలజిస్టు ఎంత అనుభవజ్ఞుడైనా ఏం చేయగలడు?

దిమ్మను ఛాతీ వైపు అంచుకు సరిగ్గా ఆనించి, మధ్యలో పెట్టండి. పై ప్లేటు దాన్ని తాకేదాకా దించండి. రోజూ వాడే ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్‌లోనే, అంటే ఎంత ఎక్స్-రే కావాలో యంత్రమే చూసుకునే పద్ధతిలోనే తీయండి. కేవీ (ఎక్స్-రే గొట్టానికి ఇచ్చిన వోల్టేజి), ఎంఏఎస్ (కరెంటును సమయంతో గుణిస్తే వచ్చేది) అంకెలు రిజిస్టర్‌లో రాయండి. ప్రతి వారం అదే చోటు, అదే మానిటర్, వీలైతే చూసే మనిషి కూడా ఒకరే.

ఇక మార్కులు. లావు పోగుతో మొదలుపెట్టి వరసగా సన్నవాటి వైపు వెళ్లండి. పోగు మొత్తం పొడవునా కనబడితే 1, సగానికి పైగా కనబడితే అర. చుక్కల గుంపులో 6 చుక్కలుంటాయి. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనబడితే 1, రెండో మూడో అయితే అర. గడ్డ గుండ్రంగా తెలిస్తే 1, ఆ చోట తేడా మాత్రమే తెలిసి ఆకారం తేలకపోతే అర. ఏ వరసలోనైనా అర గానీ సున్నా గానీ రాగానే అక్కడితో ఆపేయాలి. దాని తర్వాతది కనబడినట్టు అనిపించినా కలపకూడదు.

ఎందుకింత కచ్చితం? దిమ్మ ఎప్పుడూ అదే కాబట్టి ఏది ఎక్కడుందో మనకు కంఠతా వచ్చేస్తుంది. నేను కొత్తలో ఐదో పోగు కనబడుతోందని వరసగా మూడు వారాలు రాశాను. మా సీనియర్ చిత్రాన్ని అద్దంలోలా తిప్పేసి, "ఇప్పుడు చూపించమ్మా" అన్నారు. నా వేలు పాత చోటికే వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. నాలుగో పోగును మాత్రం తిప్పిన చిత్రంలోనూ వెంటనే పట్టుకోగలిగాను. అప్పటినుంచి అనుమానం వచ్చినప్పుడల్లా చిత్రాన్ని తిప్పి చూస్తాను. మీరూ అలవాటు చేసుకోండి.

ఈ పాత ఫాంటమ్‌లో కనీసం 4 పోగులు, 3 చుక్కల గుంపులు, 3 గడ్డలు కనబడాలి. గ్రంథి కణజాలానికి అందే సగటు డోసు ఒక్కో చిత్రానికి 3 మిల్లీగ్రేలు (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) దాటకూడదు. డోసు కొలత మాత్రం ఫిజిసిస్టు (రేడియేషన్ కొలతలు, యంత్రం పనితీరు చూసే నిపుణుడు) పని. కొత్త డిజిటల్ ఫాంటమ్‌లో మూడు రకాలూ ఆరేసి ఉంటాయి, అందులో పాస్ అంకెలు వేరు: 2 పోగులు, 3 చుక్కల గుంపులు, 2 గడ్డలు. మీ దగ్గరున్నది ఏదో ముందే చూసుకోండి, రెండు లెక్కలూ కలిపేయొద్దు.

ఫెయిలైతే టెన్షన్ పడకండి, దాచిపెట్టకండి. దిమ్మ జరిగిందా, మానిటర్ మీద మరకలున్నాయా చూసి ఇంకోసారి తీయండి. మళ్లీ ఫెయిలైతే యంత్రాన్ని ఆపి ఫిజిసిస్టుకు ఫోన్ చేయండి. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా సరే, సరయ్యేదాకా ఎవరికీ తీయొద్దు.

ఈ వారం అభ్యాసం: ఒకే ఫాంటమ్ చిత్రానికి మీరు, మీ సహోద్యోగి విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా మార్కులు వేయండి. తేడా వచ్చిన చోట చిత్రాన్ని తిప్పి ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. వచ్చే పాఠంలో నొక్కే బలం కొలుద్దాం. స్నానాల గదిలో వాడే బరువు తూచే మిషన్ ఒకటి, రెండు తువ్వాళ్లు సిద్ధంగా పెట్టుకోండి.