తక్కువ ఖర్చుతో ద్వీపంలో హనీమూన్: ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

ద్వీపంలో హనీమూన్ అనుకోగానే చాలామంది ముందుగా ఏదో ఒక ఫొటోకు మనసు పారేసుకుంటారు. నీటి మీద కట్టిన చెక్క గది, దాని మెట్లను తాకుతున్న నీలి నీరు కనిపించగానే ఆ ద్వీపం పేరు ఖాయం చేసుకుంటారు. ధర చూశాక ఆశ వదులుకుంటారు, లేదా పెళ్లి ఖర్చుల మీద ఇంకో అప్పు తెచ్చుకుంటారు. ఈ రెండూ అక్కరలేదు. ద్వీపయాత్ర ఖర్చును ప్రధానంగా నిర్ణయించేవి మూడు: ఏ నెలలో వెళ్తున్నారు, విమానం దిగిన చోటి నుంచి గది దాకా ఎలా చేరుతున్నారు, ఎన్ని ద్వీపాలు మారుతున్నారు. ఇవి తేలిన తర్వాతే గది గురించి ఆలోచిస్తే అదే డబ్బుతో మరింత ప్రశాంతమైన, మరింత అందమైన రోజులు దక్కుతాయి.

లెక్కల కంటే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ ప్రయాణంలో లేకపోతే వెలితిగా అనిపించే ఒకే ఒక్క విషయాన్ని ఎవరికి వారు విడిగా కాగితం మీద రాసి, తర్వాత ఒకరిది ఒకరు చదువుకోవడం మంచి పద్ధతి. ఒకరు పగడపు దిబ్బల మధ్య ఈదాలని, మరొకరు ఎవరూ పలకరించని ఒడ్డున పుస్తకం చదువుకోవాలని రాయవచ్చు. ఆ రెండు కోరికలకూ డబ్బు పక్కన పెట్టిన తర్వాత, మిగతా ప్రతి ఖర్చునూ నిస్సంకోచంగా తగ్గించవచ్చు. ఇతరులు ఏం చేశారో చూసి పెట్టుకున్న జాబితాలే బడ్జెట్‌ను ఎక్కువగా దెబ్బతీస్తాయి.

ఇక నెల సంగతి. ఉష్ణమండలంలో వేసవి, చలికాలం అన్న తేడా కన్నా వానలు పడే నెలలు, పడని నెలలు అన్న తేడాయే ముఖ్యం. మాల్దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు పొడి వాతావరణం ఉంటుంది, గిరాకీ కూడా అప్పుడే. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి ఋతుపవనాల వల్ల వానలూ గాలులూ పెరుగుతాయి. బాలిలో ఇందుకు భిన్నంగా ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడిగా, నవంబరు నుంచి మార్చి వరకు తడిగా ఉంటుంది. థాయిలాండ్ విషయంలో ఒకే దేశానికి రెండు లెక్కలున్నాయి. పడమటి వైపు అండమాన్ సముద్రంలోని ఫుకెట్, కో లంటా మే నుంచి అక్టోబరు దాకా వానల్లో తడుస్తుంటే, తూర్పు వైపు థాయిలాండ్ గల్ఫ్‌లోని కో సముయ్, కో టావ్‌లలో జులై, ఆగస్టు నెలలు చాలావరకు అనుకూలంగానే ఉంటాయి. అక్కడి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కురుస్తాయి. శ్రీలంకలోనూ అంతే: దక్షిణ, పడమటి తీరాలకు డిసెంబరు నుంచి మార్చి వరకు, తూర్పు తీరానికి మే నుంచి సెప్టెంబరు వరకు మంచి కాలం. కాబట్టి పెళ్లి ముహూర్తం ఏ నెలలో కుదిరినా నిరాశపడనక్కరలేదు. చాలాసార్లు దేశం మార్చకుండా తీరం మార్చుకుంటే చాలు.

డబ్బు ఆదా కావాలంటే సరిగ్గా పొడికాలం నడిమధ్యన గానీ, వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు గానీ కాకుండా, ఈ రెండింటి మధ్య వచ్చే సంధి నెలలను పట్టుకోవాలి. సీషెల్స్‌లో ఏప్రిల్, అక్టోబరు అలాంటి నెలలు. గాలులు దిశ మార్చుకునే ఆ సమయంలో సముద్రం ప్రశాంతంగా, నీరు తేటగా ఉంటుంది. పెళ్లయిన మర్నాడే బయలుదేరాలన్న నియమం ఏదీ లేదు గనుక, నాలుగైదు వారాలు ఆగితే సంధి నెల దొరికేటట్లయితే ఆగడమే మేలని నా అభిప్రాయం; పెళ్లి అలసట కూడా ఈలోగా తీరుతుంది. అయితే చవకగా వస్తోందని తుఫానుల కాలంలో మాత్రం బుక్ చేసుకోకూడదు. కరీబియన్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం (దక్షిణపు అంచున ఉన్న అరూబా, బొనైర్, కురసావ్‌లకు ఈ ముప్పు బాగా తక్కువ). మారిషస్‌కు జనవరి నుంచి మార్చి వరకు తుఫానుల బెడద ఎక్కువ. మధ్యాహ్నం ఒక గంట కురిసి వెలిసే వానకు భయపడనక్కరలేదు గానీ, సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు ఆగిపోతే ఆ రోజు మొత్తం చేజారినట్లే.

ఖర్చు గుట్టుచప్పుడు కాకుండా తడిసి మోపెడయ్యేది ప్రయాణపు చివరి అంచెలో. మాల్దీవుల ఉదాహరణే తీసుకుందాం. దూరపు రిసార్టుకు సీప్లేన్‌లో (నీటి మీద దిగే చిన్న విమానంలో) వెళ్లాలంటే ఇద్దరికీ రానుపోను అయ్యే ఖర్చు, సాధారణ గెస్ట్‌హౌస్‌లో ఎన్నో రాత్రుల బసకు సమానం కావచ్చు. పైగా సీప్లేన్లు పగటి వెలుగులోనే ఎగురుతాయి గనుక, సాయంత్రం దిగే విమానానికి టికెట్ తీసుకున్నవారు ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే ఇంకో గదికి డబ్బు కట్టవలసి వస్తుంది. పర్యాటక నియమాల్లో వచ్చిన 2009 నాటి మార్పుల తర్వాత స్థానికులు నివసించే ద్వీపాల్లోనూ గెస్ట్‌హౌస్‌లు వెలిశాయి. రాజధాని మాలేకు దగ్గరగా ఉన్న మాఫుషికి స్పీడ్‌బోటులో గంటలోపే చేరుకోవచ్చు. తిమింగల సొరచేపలను చూడాలనుకునే వారికి దక్షిణ అరి పగడపు దీవుల్లోని ధిగురా అనుకూలం. ప్రభుత్వ ఫెర్రీ ఇంకా చవక, కానీ నిదానంగా వెళ్తుంది. శుక్రవారం దానికి సెలవు కాబట్టి వారం చూసుకుని విమానం టికెట్ తీసుకోవాలి. ఈ ద్వీపాల్లో మద్యం దొరకదు, ఈత దుస్తులను అందుకు కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి. ఈ నియమాలు ఇబ్బంది అనిపించని జంటకు ఇంతకన్నా మంచి బేరం అరుదు. అదే సముద్రం, అదే తెల్లని ఇసుక.

గది ధర చూసేటప్పుడు దాని పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో గమనించాలి. పన్నూ సేవా రుసుమూ అందులో కలపలేదని ఆ గుర్తులకు అర్థం. మాల్దీవుల్లో 10 శాతం సేవా రుసుము వేసి, ఆ మొత్తం మీద 2025 జులై నుంచి 17 శాతం పర్యాటక పన్ను వేస్తున్నారు; అంటే 100 అని కనిపించిన ధర చివరికి దాదాపు 129 అవుతుంది. ప్రతి మనిషికీ ప్రతి రాత్రికీ కట్టవలసిన హరిత పన్ను దీనికి అదనం. ఏ ద్వీపమైనా సరే, అన్ని పన్నులూ, పడవ చార్జీలూ కలిపి చివరి మొత్తం ఎంతో ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకున్న తర్వాతే అడ్వాన్సు కట్టాలి.

వారం రోజుల ప్రయాణానికి ఒక ద్వీపం చాలు. మహా అయితే రెండు. ద్వీపం మారిన ప్రతిసారీ సామాను సర్దుకోవడం, పడవ కోసం ఎదురుచూడటం, కొత్త గది తాళం అందేదాకా కూర్చోవడంతో సగం రోజు గడిచిపోతుంది, చార్జీలు వేరే. ఖరీదైన గది మీద నిజంగా మనసుంటే, మొదటి నాలుగైదు రాత్రులు సాదా గెస్ట్‌హౌస్‌లో ఉండి, ఆఖరి రెండు రాత్రులు ఆ గదిలో గడపండి. విలాసం ముందు, సాదా తర్వాత అయితే రెండోది చప్పగా అనిపిస్తుంది. నీటి మీది గది కన్నా ఒడ్డున ఇసుకలోకి తెరుచుకునే గది సాధారణంగా చవక, నీడ కూడా ఎక్కువ. హనీమూన్ అని బుకింగ్‌లోనే రాస్తే చాలా చోట్ల గది అలంకరణో, ఒక పూట ప్రత్యేక భోజనమో ఉచితంగా ఇస్తారు. కొందరు పెళ్లి ధ్రువపత్రం చూపమంటారు కాబట్టి ఒక నకలు వెంట ఉంచుకోవాలి.

ఏకాంతం కావాలంటే మ్యాపును జాగ్రత్తగా చూడాలి. సూర్యాస్తమయం పడమటి తీరానికే దక్కుతుంది; భూమధ్యరేఖకు దగ్గరలో సంధ్యాకాంతి ఎక్కువసేపు నిలవదు కాబట్టి సూర్యుడు దిగిపోకముందే ఒడ్డుకు చేరాలి. ఆటుపోట్లు అంతకన్నా ముఖ్యం. ఆఫ్రికా పక్కన ఉన్న జాంజిబార్ ద్వీపపు తూర్పు తీరంలో పాజె, జంబియాని దగ్గర పాటు వచ్చినప్పుడు నీరు వందల మీటర్లు వెనక్కి వెళ్లిపోతుంది. పొద్దున ఈదిన చోటే మధ్యాహ్నానికి తడి ఇసుక, చిన్న చిన్న మడుగులు, పుల్లల మధ్య తాళ్లు కట్టి సముద్రపు నాచు పెంచుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ దృశ్యం చేతులు పట్టుకుని నడిచే జంటకు ఎంతో బాగుంటుంది, రోజంతా ఈదాలనుకునే వారికి మాత్రం నిరాశే. అలాంటి వారికి ఉత్తరాన ఉన్న నుంగ్వి, కెండ్వా నయం. వాహనాల రొద లేని చోటు కావాలంటే, మోటారు బండ్లే లేని ఇండోనేషియాలోని గిలి ద్వీపాల్లో గిలి మెనో, సైకిళ్ల మీద తిరిగే సీషెల్స్‌లోని లా దిగ్ ఎంతో అనువైనవి. లా దిగ్‌లో వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ తీసుకుంటే, ఖరీదైన దేశమని పేరుపడ్డ సీషెల్స్ కూడా అందుబాటులోకి వస్తుంది.

కాగితాల విషయంలో నిర్లక్ష్యం తగదు. విమానం టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోదలచినవారు ఆ పని ప్రయాణం ముగిశాక పెట్టుకోవడం క్షేమం. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో చూసుకోవాలి. ప్రయాణ బీమాలో పడవలు రద్దయితే పరిహారం ఇస్తారో లేదో, స్కూటరు ప్రమాదాలు వర్తిస్తాయో లేదో చదవాలి. తగిన లైసెన్సు లేకుండా స్కూటరు నడిపితే చాలా బీమాలు చెల్లవు. బాలి వెళ్లేవారు న్యెపి తేదీ చూసుకోవాలి. సాధారణంగా మార్చిలో వచ్చే ఆ మౌనదినాన విమానాశ్రయాన్ని కూడా 24 గంటలు మూసివేస్తారు.

తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి విమానాశ్రయం ఉన్న ద్వీపానికి చేరుకోవడం మంచిది, ఎందుకంటే గాలి వల్ల ఉదయపు పడవ ఆగిపోతే విమానం మీ కోసం ఆగదు, కొత్త టికెట్టు ఆదా చేసిందంతా మింగేస్తుంది. స్కూబా డైవింగ్ చేసినవారు వరుసగా డైవ్‌లు చేసి ఉంటే విమానం ఎక్కేలోపు కనీసం 18 గంటల వ్యవధి ఉంచాలి. కాబట్టి నీటి అడుగున చేసే పనులన్నీ ముందు రోజుల్లోనే పూర్తిచేసి, చివరి రోజును ఒడ్డు కోసమే ఉంచుకోవాలి.