ఊరి నడుమ అడవి – 4వ పాఠం: జీవి కన్నా ముందు దాని ఆకును వెతకడం

గత పాఠంలో ఒకే చోట అరగంట కదలకుండా కూర్చుని, కనబడినదానినీ వినబడినదానినీ పుస్తకంలో రాసుకోవాలని చెప్పుకున్నాం. ఆ అభ్యాసం శ్రద్ధగా చేసినవారి పుస్తకంలో కూడా కాకి, పావురం, గోరింక, ఉడుత అన్న నాలుగు పేర్లే మిగిలి ఉండవచ్చు. హైదరాబాదులో అంతకు మించి ఏమీ లేదని అప్పుడే తేల్చుకోనక్కరలేదు. జీవి కదులుతుంది, దాక్కుంటుంది, మనల్ని చూసి పారిపోతుంది. అది తినే మొక్క మాత్రం మొలిచిన చోటనే నిలబడి ఉంటుంది. అందువల్ల ఈ పాఠంలో ముందు మొక్కను గుర్తుపట్టి, దానిని పట్టుకుని బతికే జీవిని చేరుకోవడం నేర్చుకుందాం.

మొదటి మొక్కగా జిల్లేడును తీసుకోండి. ఉప్పల్‌లోనైనా, కొండాపూర్‌లోనైనా, ఇల్లు కట్టకుండా ఏళ్ల తరబడి వదిలేసిన ప్లాటు ఒకటి ఉంటే అందులో జిల్లేడు కనబడడం చాలా మామూలు. దాని దగ్గర నిలబడి, ఆకులను తుంచకుండా, ఒక్కొక్క ఆకునూ మెల్లగా పైకెత్తి అడుగువైపు చూడండి. ఆవగింజ కన్నా చిన్నదైన తెల్లని గుడ్డు ఒంటరిగా అంటుకుని ఉంటే అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పెట్టినది కావచ్చు. నారింజ రంగు రెక్కలు, ముందు రెక్కల కొసన నలుపు, ఆ నలుపులో తెల్లని పట్టీ దాని గుర్తులు. గొంగళిపురుగుకు నలుపు, తెలుపు, పసుపు చారలూ, వీపున మూడు జతల నల్లని మీసాల వంటి తంతువులూ ఉంటాయి. అంత కొట్టొచ్చినట్టు కనబడుతూ పట్టపగలు ఆకు మీద నిర్భయంగా కూర్చోవడానికి కారణం ఉంది: జిల్లేడు పాలలోని విషాన్ని అది తన ఒంట్లోనే దాచుకుంటుంది, ఆ చేదు ఒకసారి ఎరిగిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు.

ఈ రక్షణను చూసి వేషం వేసుకున్నది మరొకటి ఉంది. డనెయిడ్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ లాగే ఉంటుంది, కానీ దానిలో విషం లేదు. దాని పిల్లలు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. కనుక నారింజ రెక్కలు కనబడగానే పేరు రాసేయకండి. అది ఏ మొక్క మీద గుడ్డు పెడుతున్నదో చూసిన తరువాత రాయండి. జిల్లేడు మీదే పసుపు, నీలి చారల చిత్రమైన మిడతనూ, పువ్వుల దగ్గర పెద్ద నల్లని తుమ్మెదలనూ చూస్తారు. చూడడం అయ్యాక చేతులు కడుక్కోండి, జిల్లేడు పాలు కంటికి తగలడం ప్రమాదం.

రెండవ మొక్క చాలామంది ఇళ్లలోనే ఉంటుంది, అది కరివేపాకు. మా బాల్కనీలోని కరివేపాకుకు పురుగు పట్టిందని నేను రెండేళ్లపాటు వేపనూనె కొట్టి, ఇంట్లోకి సీతాకోకచిలుకలు ఎందుకు రావడం లేదని అదే బాల్కనీలో కూర్చుని విచారించాను. లైమ్ బటర్‌ఫ్లై అనే నలుపు, లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక కరివేపాకు, నిమ్మ, మారేడు వంటి ఒకే కుటుంబపు మొక్కల మీద గుడ్లు పెడుతుంది. చిన్న పురుగు పిట్ట రెట్టలా కనబడి మోసం చేస్తుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, వేలితో తాకితే తల వెనుక నుంచి ఘాటైన వాసన వేసే కొమ్ముల వంటిదాన్ని బయటికి చాపుతుంది.

బతుకమ్మ నాటికి తంగేడు పూస్తుంది. పూలు కోసే ముందు దాని ఆకులను కూడా ఒకసారి పరిశీలించండి. మాట్ల్డ్ ఎమిగ్రంట్ అనే తెలుపు రెక్కల సీతాకోకచిలుక గొంగళిపురుగు ఆకు రంగులోనే ఉండి ఈనె వెంట పడుకుని ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. తేనె తాగడానికి సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలుతుంది, అమెరికా ఖండం నుంచి వచ్చి మన గుట్టలను కమ్ముకున్న లాంటానా మీద కూడా వాలుతుంది. వాలినంత మాత్రాన ఆ మొక్క దానికి ఇల్లు అయిపోదు. గుడ్డు ఎక్కడ పెడుతున్నదన్నదే మన ప్రశ్న. మడగాస్కర్ నుంచి వచ్చిన గుల్మొహర్‌నూ మన వేప, కానుగలనూ పోల్చేటప్పుడు కూడా పువ్వుల అందం పక్కన పెట్టి, ఆకుల మీద ఎవరు తింటున్నారో లెక్కపెట్టండి.

ఇదే సూత్రాన్ని పెద్ద జంతువుకు వర్తింపజేస్తే పచ్చదనం గురించి మనకున్న అభిప్రాయమే మారిపోతుంది. వనస్థలిపురం దగ్గర, ఒకప్పుడు నిజాముల వేటస్థలమైన భూమిలో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరమైన 1975 గుర్తుగా ఆయన పేరు పెట్టిన హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఉన్నాయి. కృష్ణజింక గడ్డి మేస్తుంది, దూరం నుంచే శత్రువును చూసి పరుగు తీసి తప్పించుకుంటుంది. దానికి కావలసింది బయలు. దక్కను పీఠభూమికి సహజమైన పచ్చదనంలో గడ్డి, ముళ్లపొదలు, బండల సందులు కూడా భాగమే. ఖాళీగా ఉన్నదని ఆ బయలునంతా చెట్లతో నింపితే చెట్లు బతకవచ్చు గాని జింకకు చోటు ఉండదు. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంలో నడిచేవారు కూడా నెమలి కోసం మాత్రమే చూడకుండా, ఎండాకాలంలో ఎండిపోయినట్టు కనబడే పొదల అడుగున ఎవరు తిరుగుతున్నారో గమనించవచ్చు.

ఈ పాఠానికి అభ్యాసం ఒక్కటే. మీ ఇంటికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక జిల్లేడునో కరివేపాకునో ఎంచుకుని, కొమ్మకు వదులుగా ఒక దారం కట్టండి. నాలుగు వారాలు, రోజు విడిచి రోజు, పది నిమిషాలు చూడండి. గుడ్డు నుంచి రెక్కల దాకా సాగే ప్రయాణానికి ఇంచుమించు మూడు నాలుగు వారాలు పడుతుంది కనుక మొదటి వారంలో ఏమీ కనబడకపోయినా మొక్కను మార్చకండి. తేదీ, సమయం, తినబడిన ఆకుల సంఖ్య, ఎదురుపడిన జీవి రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి. ఒకసారి చూసినప్పుడు ఉన్న పురుగు తరువాతిసారి చూసేసరికి లేకపోతే ఆ సంగతి కూడా రాయండి, చుట్టుపక్కల కొమ్మల మీద ఏ పిట్ట కూర్చుని ఉన్నదో దాని పక్కనే రాయండి. ఆ పిట్టతోనే 5వ పాఠం మొదలవుతుంది.