రాయలచెరువు పాచిని ఎస్.ఇ.ఎం. కింద పెట్టే ముందు

ఎమ్మెస్సీ పిల్లలు ఏటా అడుగుతారు: "మేడమ్, బతికున్న శైవలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడొచ్చా?" మామూలు ఎస్.ఇ.ఎం.లో, అంటే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో, కుదరదు. లోపలంతా వాక్యూమ్. నీళ్లున్న కణం అందులో నిలవదు. తడి నమూనాలు చూసే ఎన్విరాన్‌మెంటల్ రకం కూడా ఉంది గానీ, ఎలక్ట్రాన్ల దెబ్బకు అందులోనూ కణం పాడవుతుంది. అందుకే బతికున్నప్పటి రూపం చెదరకుండా కణాన్ని ఉన్నదున్నట్టు నిలిపేయాలి. ఇందులో కష్టమంతా అదే.

నేను రాయలచెరువుకు పొద్దున ఏడింటికల్లా వెళ్తాను. సీసా సగమే నింపి, తడిగుడ్డ చుట్టి తెస్తాను. తిరుపతి ఎండలో సీసాను బండి డిక్కీలో మరిచిపోయారంటే ఇంక ఆ నమూనా మీద ఆశ వదులుకోండి.

ల్యాబ్‌కు రాగానే ఒక చుక్క తీసి మామూలు మైక్రోస్కోప్‌లో, 40 రెట్ల ఆబ్జెక్టివ్ లెన్స్ కింద చూడండి. ఫిక్సేటివ్ (కణాన్ని ఉన్నదున్నట్టు నిలిపేసే రసాయనం) మూత తీసేది ఆ తర్వాతే. క్లామిడోమోనాస్ అనే ఒంటికణం శైవలం రెండు కశాభాలతో (కొరడాల్లాంటి సన్నని పోగులతో) ఈదుతూ కనిపిస్తుంది, ఎర్రటి కంటిచుక్క కూడా తెలుస్తుంది. సీనెడెస్మస్ అనే ఇంకో శైవలంలో నాలుగు కణాలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. బొమ్మ గీయండి, రంగు రాయండి, ఎలా కదులుతుందో రాయండి. ఎస్.ఇ.ఎం.లో రంగు ఉండదు, కణం లోపలిది కనిపించదు. క్లామిడోమోనాస్ బెదిరితే కశాభాలను వదిలేస్తుంది. రేపు ఫొటోలో అవి లేకపోతే, మొదటి నుంచీ లేవా, మీ చేతిలో రాలాయా అన్నది ఈ నోట్‌బుక్కే చెప్పాలి.

తర్వాత ఫిక్సింగ్. 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్, పీహెచ్ 7.2, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. గ్లౌజులు వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే కలపండి, దాని ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మర్నాడు బఫర్‌తో మూడుసార్లు కడిగి, కణంలోని నీళ్లు పోవడానికి ఆల్కహాల్‌లో 30, 50, 70, 90 శాతం మెట్లు ఒక్కొక్కటి పది నిమిషాలు, చివర 100 శాతంలో రెండుసార్లు. తొందరపడి మెట్టు దాటేస్తే కణం ముడుచుకుపోతుంది.

ఆరబెట్టడం దగ్గరే నేను దెబ్బతిన్నాను. రీసెర్చ్ మొదటి ఏడాది, క్రిటికల్ పాయింట్ డ్రయర్ రిపేర్‌లో ఉంది. నా ఎస్.ఇ.ఎం. స్లాట్ మర్నాడే. టెన్షన్‌లో నమూనాను ఫ్యాన్ కింద పెట్టేశాను. తెరమీద సీనెడెస్మస్ ఒంటినిండా గాడులతో కనిపించింది. కొత్త జాతేమోనని రెండు రోజులు సంబరపడ్డాను. నోట్‌బుక్ తిరగేస్తే నా చేత్తో గీసిన బొమ్మలోనేమో నున్నగా, నిండుగా ఉంది. తెరమీద చూసింది మిద్దెమీద ఎండిన వంకాయ ఒరుగుల్లాంటి కణాలను. ద్రవం ఆవిరయ్యేటప్పుడు తలతన్యత కణాన్ని పిండేస్తుంది. డ్రయర్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 73 అట్మాస్ఫియర్లు దాటిస్తే ద్రవం, వాయువు అనే తేడాయే పోతుంది కాబట్టి ఆ పిండడం ఉండదు. డ్రయర్ దొరక్కపోతే హెచ్.ఎం.డి.ఎస్. (హెక్సామిథైల్‌డైసిలజేన్ అనే ద్రవం) వాడండి, అదీ హుడ్‌లోనే. ఫ్యాన్ మాత్రం వద్దు.

డయాటమ్‌లనే శైవలాలతో ఇంత అవస్థ లేదు. వాటి పెంకు సిలికా. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో మెల్లగా వేడిచేసి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడిగితే చాలు. పాచి ఎక్కువుంటే బాగా పొంగుతుంది, పెద్ద బీకరు తీసుకోండి. పెంకు మీది రంధ్రాల వరసలు చూశాక మీకే అర్థమవుతుంది ఇంత దూరం ఎందుకొచ్చామో. మామూలు కాంతితో దాదాపు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడిగా కనబడవు.

కార్బన్ టేప్ మీద అతికించి, పల్చగా బంగారం పూత వేయించండి. మెత్తటి కణాలకు 5 కిలోవోల్టులతో మొదలుపెట్టమని ఆపరేటర్‌ను అడగండి. స్టబ్ (టేప్ అంటించే చిన్న లోహపు బిళ్ల) అడుగున మార్కర్‌తో నంబరు రాయండి. నేను రాసేది ఆ చుక్కను బతికుండగా గీసిన నోట్‌బుక్ పేజీ నంబరే.